వదలడం తెలియని తాడు

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాను. ఎక్కడైనా ఒత్తు జారిపోతే మీరే వేసుకుని చదవండి. రాయడం కూడా నిదానమే. ఒక్కో ముక్క నోటితో అనుకుని, గాలిలో వేలితో దిద్ది, అప్పుడు కాగితం మీద పెడతాను. అందుకని కథ అక్కడక్కడ కుంటుతుంది. ఆ కుంటు నా చేతిది.

మాది కలకత్తాలో ఖిదిర్‌పూర్ రేవు వెనక తెలుగు వాళ్ల బస్తీ. మా ఆయన ఎర్రయ్య, ఆయన తండ్రి, తాత, అందరూ శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ రేవు పనిలో దిగినవాళ్లే. నదిలోకి వచ్చిన ఓడను తాళ్లతో జెట్టీకి కట్టడం, వెళ్లేటప్పుడు విప్పడం వాళ్ల పని. వినడానికి చిన్న పనే.

హుగ్లీ మామూలు నది కాదు. సముద్రం ఎక్కడో దూరాన ఉంటుంది గానీ దాని ఆటుపోట్లు ఊరి నడిబొడ్డు దాకా వస్తాయి. అమావాస్యకూ పున్నమికీ పోటు ముదిరినప్పుడు సముద్రం నదిలోకి గోడలా లేచి వస్తుంది. బెంగాలీలు దాన్ని బాన్ అంటారు. మావాళ్లు బాను అంటారు. ముందు ఎక్కడో బండ్లు దొర్లుతున్నట్టు చప్పుడు వినబడుతుంది. ఒడ్డున కుక్కలు మెట్ల పైకి పరుగెడతాయి. తర్వాత నీళ్లు ఒక్క ఊపున వచ్చి మేడంత ఓడను ఎత్తి పక్కకు గుంజుతాయి. ఆ గుంజుడుకి ఒక్కోసారి ఉక్కు తాళ్లు తెగుతాయి. తెగిన తాడు ఎటు వస్తుందో కంటికి కనబడదు. తగిలాకే తెలుస్తుంది.

ఎర్రయ్యకు అలాగే తగిలింది. నేను అన్నం కారియరు పట్టుకుని జెట్టీ మెట్ల మీద ఉన్నాను. పెద్ద కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. ఆయన నడుము దగ్గర రెండయ్యాడు. పైసగం నా వైపు తిరిగి పడింది. కళ్లు నన్నే చూస్తున్నాయి, ఈవేళ కూరేటని అడగబోతున్నట్టు. మా అమ్మాయి నీలవేణి నా వెనక మెట్టు మీద ఉంది. అప్పుడు ఇంటర్ చదువుతోంది. అది అరవలేదు. కాళ్లున్న సగం దగ్గరికి నడిచి వెళ్లి, ఊడిపోయిన చెప్పు తీసి తండ్రి కాలికి తొడిగింది.

తాళ్లు కట్టే గుంపులో ఒక ఆచారం ఉంది. ఎవరైనా పోతే పాడె లేచే ముందు గుంపంతా ఒక తాడు పట్టుకుని శవం మీదుగా నిలబడతారు. పెద్దవాడు "ఒగ్గండి" అంటాడు. అందరూ ఒక్కసారిగా చేతులు తెరిచి తాడును శవం మీద వదిలేస్తారు. అలా చేతులు తెరిచి తాడు వదలడం చావుకే. బతికున్న రోజుల్లో ఎంత వదులు చెయ్యాల్సి వచ్చినా గుంజకు ఒక చుట్టు వేసి కొంచెం కొంచెం జారవిడుస్తారు. పొరపాటున ఎవడి చేతిలోంచి తాడు జారినా ఆ రోజుకు వాణ్ణి పని మాన్పించి, ఉప్పు దిగదుడిచాకే ఇంట్లోకి రానిస్తారు. ఎర్రయ్య గుండె మీద తాడు పడినప్పుడు నీలవేణి పక్కనే ఉంది. చూసింది. అది చావు ఆచారం అనుకుంది. పనిలో కూడా ఆ పట్టింపు ఉంటుందని దానికి తట్టలేదు. ఆడపిల్లని ఎవరు తాడు దగ్గరికి రానిచ్చారు కనుక?

నేను బజారులో చేపలు కోసి అమ్మి దాన్ని చదివించాను. ఏళ్లు గడిచాయి. అది పెద్ద చదువు చదివి, పాత జనపనార గోదాములో పెట్టిన లాబొరేటరీలో చేరింది. మా మరిది గురువులు ఎర్రయ్య స్థానంలో గుంపుకు పెద్ద అయ్యాడు. ఆయనకు పెళ్లాం పోయి, పిల్లలు లేక, మా ఇంట్లోనే భోజనం చేసేవాడు.

ఒకరోజు నీలవేణి నన్ను లాబుకు తీసుకెళ్లింది. పొడుగాటి సిమెంటు తొట్టెలో ఉప్పునీళ్లు. అందులో బూడిద రంగులో, మనిషి తొడంత లావున ఏదో పడుకుని ఉంది. నీళ్లు కదలకుండానే అది మెల్లగా కదులుతోంది.

"ముట్టుకో అమ్మా."

"కరుత్తాదేటే?"

"దానికి నోరెక్కడుంది?"

"నోట్లో పన్ను నేకపోతే కరవరా? మీ నాయినమ్మకి ఒక్క పన్ను నేదు. సచ్చేదాకా నన్ను కరుస్తూనే ఉంది."

అది నవ్వి, ఓడలు కట్టడానికి పెంచిన తాడని చెప్పి, నా చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దించింది. ఆ తాడు చల్లగా, నునుపుగా తగిలింది. కాస్త లాగాను. తాడు కూడా అంతే లాగింది. గట్టిగా లాగాను. ముందు కొంచెం ఇచ్చి, ఆ తర్వాత పట్టు బిగించింది. చేయి పట్టుకుని నడిపించే మనిషిలా ఉంది. నేను గబుక్కున చెయ్యి తీసేశాను.

"మలుగు చేప కండలోంచి గింజంత ముక్క తీసి పెంచాం," అంది నీలవేణి. "లోపల ఉక్కుకన్నా గట్టి దారం అల్లాం. ఉక్కుకు బలమే ఉందమ్మా. ఓడ గుంజినప్పుడు ఎంత ఇవ్వాలో, ఎక్కడ పట్టాలో దానికి తెలీదు. అందుకే తెగుద్ది. ఇది నేర్చుకుంటుంది."

"ఎవులు నేర్పుతారు దీనికి?"

"చిన్నాన్న నేర్పుతాడు. ఇంకెవరికి వచ్చు?"

గుంపువాళ్లు దానికి ఆ పాములాంటి చేప పేరే, మలుగు అని పెట్టేశారు. నేర్పడానికి ఒక కడియం ఉండేది. అది మోచేతికి కింద తొడగాలి. ఆ చేయి బిగిస్తే తాడు బిగుస్తుంది. తాడు మీద బరువు పడితే అందులో ఆవగింజంత చేతికి తెలుస్తుంది. అలా కొన్నాళ్లు మనిషి చేసిన ప్రతి పనీ తాడు సొంతం చేసుకుంటుంది. మొదటి రోజు గురువులు కడియం తొడుక్కుని నిలబడితే గుంపులో సన్యాసి ఊరుకోలేదు. సన్యాసి మా పక్క వాటాలో ఉండే రాజులమ్మ మొగుడు. ఎవడు ఏడుస్తున్నా నవ్వించేవాడు. మా పిల్లని గుంపంతా గుంట అనే పిలిచేది.

"గురువులన్నకి గాజు తొడిగినాది గుంట. సీమంతం ఎప్పుడమ్మా?"

"నీ పెళ్లాన్ని అడుగు. ముందు దాని కడుపు సూడు, తరవాత నాది," అన్నాడు గురువులు.

అందరూ నవ్వారు. నవ్వుతూనే పనిలో దిగారు. తొట్టెకు అటు చివర యంత్రం లాగుతుంటే ఇటు చివర గురువులు మామూలు తాడు పట్టుకుని, ఎర్రయ్య దగ్గర నేర్చుకున్నట్టే ఇచ్చి పట్టేవాడు. పక్క తొట్టెలో మలుగు ఆయన్ని చూసి చేసినట్టే చేసేది. గుంపులో మిగతావాళ్లు కూడా వంతులవారీగా కడియం తొడుక్కున్నారు. వానాకాలం వచ్చేసరికి పట్టుకోవడంలో మలుగును మించినవాడు రేవులో లేడు.

అప్పుడు నీలవేణి, "ఇప్పుడు వదలడం నేర్పాలి. గంట కొట్టగానే చేతులు తెరిచి తాడు వదిలేయండి," అని చెప్పి గాజు గదిలోకి వెళ్లి అంకెల ముందు కూర్చుంది.

ఆ గదిలోంచి దానికి కనబడేది గుంపువాళ్ల వీపులు. గంట మోగింది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గురువులు వేళ్లు తెరిచాడు. తాడును మాత్రం మోచేతి మడతలోకి జార్చి అక్కడ బిగించాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ అంతే చేశారు. ఒకడు చంకలో నొక్కాడు, ఒకడు కాలి కింద తొక్కిపెట్టాడు. ఒక్కడు కూడా తాడు వదల్లేదు. నీలవేణికి అంకెల్లో వేళ్లు తెరుచుకోవడం కనబడింది. తొట్టెలో చిన్న బరువులు కట్టి చూస్తే మలుగు చక్కగా వదిలింది. చిన్న బరువుకు వేళ్ల పట్టే చాలు. మోచేతి దాకా పోనక్కర్లేదు. ఇదంతా మాకు తర్వాత తెలిసిన సంగతి.

ఆ రాత్రి కాదు, మరునాడు మధ్యాహ్నం గురువులు మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. ఇలస పులుసు వండాను. నీలవేణి కూడా సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. అది సంతోషంగా ఉంటే ముళ్లు తియ్యకుండానే తింటుంది. ఆ రోజు అలాగే తింటోంది.

"ఇంక మన బస్తీలో ఎవరూ రెండు ముక్కలై ఇంటికి రారు," అంది.

గురువులు అన్నం కలుపుతూ, "ఒగ్గడం అంత ముక్యమేటమ్మా? మన పని పట్టుకోడం కదా," అన్నాడు.

"పట్టుకున్నది వదలడం రాకపోతే అది పట్టు కాదు చిన్నాన్నా, ఉరి."

ఆయన ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు. ఏదో చెప్పబోయాడనిపించింది. "నేర్పినాం కదా," అని ముద్ద మింగాడు.

వానాకాలపు పున్నమి తర్వాత పెద్ద బాను వచ్చే రోజు పరీక్ష పెట్టారు. గోధుమలు దింపిన విదేశీ ఓడ ఒకటి జెట్టీకి ఉంది. ముక్కు వైపు ఎప్పటిలా ఉక్కు తాళ్లు. వెనక వైపు మలుగు. జెట్టీ మీది ఇనప గుంజకు మలుగు తనంతట తానే మూడు చుట్లు చుట్టుకుంది. అది చూడ్డానికి జనం పోగయ్యారు. పోలీసులు వాళ్లను మెట్ల పైకి తోలారు. నేను కారియరుతో కింద ఉండిపోయాను. గురువులు వదిన అని నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

నీలవేణి ఆయన చేతికి కడియం బిగిస్తూ చెప్పింది. "మొదటి పెద్ద బాను కాబట్టి మనిషి చేయి పక్కన ఉండాలి. మలుగుకు నీ చెయ్యే పైమాట. మధ్యలో కడియం మాత్రం తియ్యకు. తీస్తే ఉన్న పట్టు ఉన్నట్టే బిగుసుకుపోతుంది. ఓడను దానంతట అది వదిలెయ్యకూడదని అలా పెట్టాం."

"ఇది పదోసారి సెప్పడం," అన్నాడు గురువులు.

"పదకొండోసారి కూడా చెప్తాను. ఎండలో దాని ఒళ్లు ఆరిపోతోంది, తడుపుతాను ఉండు."

అది బకెట్టుతో ఉప్పునీళ్లు పట్టుకుని గుంజ దగ్గరికి వెళ్లింది. పైచుట్టు మీద పోసింది. కింద చుట్టు తడపడానికి తాడుకూ గుంజకూ మధ్య వంగింది. సైరను అప్పుడే మోగింది. చెప్పిన వేళ కన్నా ముందే వచ్చింది బాను. మలుపు దగ్గర తెల్లటి గీత కనబడింది, కుక్కలు పరుగెత్తాయి, గీత గోడ అయింది. నేను "గుంటా!" అని అరిచాను. అది వెనక్కి తిరిగింది. జెట్టీ ఎగిరిపడింది. దాని కాలు జారి గుంజకూ తాడుకూ మధ్య పడింది.

ఓడ లేచింది. లేచి పక్కకు ఒరిగింది. మలుగు కొంచెం ఇచ్చి, పట్టింది.

నీలవేణి కుడి కాలు తొడ దాకా ఆ పట్టులో ఉంది. ఎముక విరిగిన చప్పుడు నాకు బాను హోరులో కూడా వినబడింది. తండ్రి పోయిన రోజున అరవని పిల్ల ఆ రోజు అరిచింది. ఆ అరుపుకు ఒడ్డున ఉన్నవాళ్లు చెవులు మూసుకున్నారు.

"ఒగ్గేయ్ చిన్నాన్నా! ఒగ్గేయ్!"

"ఒగ్గేసినాను! ఒగ్గేసినాను తల్లీ!" గురువులు కుడి చెయ్యి పైకెత్తి చూపిస్తున్నాడు. వేళ్లన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. ఆ వేళ్ల కింద ముంజేయి మాత్రం కొయ్యలా బిగిసి, నరాలు పైకి తేలి, వణుకుతోంది. మలుగు ఇంకో పట్టు పట్టింది. నీలవేణి తుంటి దాకా చుట్టులోకి పోయింది.

సన్యాసి గొడ్డలి తెచ్చాడు. మలుగు మీద వేశాడు. రక్తం కాదు, తెల్లటి నీరు చిమ్మింది. దెబ్బ తిన్న చోట కండ ముడుచుకుపోయింది. గిల్లితే మన చెయ్యి ముడుచుకోదూ, అలా. ఆ బిగింపుకు నీలవేణి మళ్లీ కేక పెట్టింది. సన్యాసికి ఏమీ తోచక ఇంకో వేటు వేశాడు. అది ఇంకా బిగిసింది. నీలవేణి నోట్లోంచి రక్తం వచ్చింది.

"కొట్టకు! సన్యాసి మావా, కొట్టకు!" దాని చూపు గురువులు మీద నిలిచింది. అంత బాధలోనూ అది చూడ్డం చూసింది. "అమ్మా, చిన్నాన్న మోచెయ్యి చూడు. వేళ్లు కాదే, మోచెయ్యి... వేళ్లే వదిలాయి. మోచెయ్యి వదల్లేదు... చిన్నాన్నా, మీరు నేర్పింది..."

మాట పూర్తి చెయ్యలేదు. గురువులుకు అర్థమైంది. ఆయన మొహం బూడిద రంగులోకి పోయింది.

ఆయన ముంజేతిని వదులు చెయ్యాలని చూశాడు. ఓడ బరువులో ఆవగింజంత ఆ చేతి మీద ఉంది. జన్మంతా బరువు తగలగానే బిగుసుకోవడమే నేర్చిన చెయ్యి. ఆయన ఏడుస్తూ దాన్ని ఇనప రెయిలింగుకేసి బాదాడు. అది మరింత బిగిసింది. ఎడమ చేత్తో మొలలోంచి తాళ్లు కోసే కత్తి లాగి మోచేతి మీద ఒక గీటు పెట్టాడు. పైతోలు తెగింది. నొప్పికి చెయ్యి ముడుచుకుంది. మలుగు కూడా ముడుచుకుంది.

"నాకు రాటం నేదు వొదినా," అని కత్తి నా వైపు చాచాడు. "నా సెయ్యిని నా సెయ్యి కొయ్యనేదు. రోజూ కోత్తావు కదా నువ్వు. ఒక్క ఏటుకి తెగాల. రెండో ఏటు ఉండదు. గుంట ఆగదు."

నేను ఆలోచించానని ఎవరైనా అంటే అబద్ధం. కారియరు పడేశాను. కత్తి తీసుకున్నాను. ఆయన చెయ్యి రెయిలింగు మీద చాచి, తల పక్కకు తిప్పుకున్నాడు. నేను నా మోకాలితో ఆయన మణికట్టు నొక్కాను. ప్రతి చేపలోనూ తోక దగ్గర ఒక చోటు ఉంటుంది. కత్తి అక్కడ దిగితే ముల్లు అడ్డుపడదు. మనిషి మోచేతి మడతలో కూడా అలాంటి చోటు వెతికాను. పెద్ద నరం తాడులా నిలబడి ఉంది. దాని కింద కత్తి దించి, ఎముక తగిలే దాకా నొక్కి, నా వైపుకు లాగాను.

తెగిన తాడు చప్పుడే అయింది, చిన్నగా. ఆయన అరుపు నా చెవిలో వేడిగా తగిలింది. రక్తం నా మొహం మీద, నోట్లో పడింది. ఆ ముంజేయి ఒక్కసారి అటూ ఇటూ కొట్టుకుని, మెత్తబడి వేలాడింది.

మలుగు కూడా అచ్చం అలాగే ఒక్కసారి కొట్టుకుంది. ఆ తర్వాత వదిలేసింది. మూడు చుట్లూ ఒక్కసారిగా జారి జెట్టీ మీద పడ్డాయి. నీలవేణి వాటి మధ్య పడింది. నేను దాని చంకల్లో చేతులు వేసి ఈడ్చాను. కుడి కాలు దానితో పాటు వచ్చింది గానీ దాని మాట వినేలా లేదు.

వెనక పట్టు పోయిన ఓడ మలుగును నదిలోకి ఈడ్చుకుంటూ బానుతో పాటు తిరిగింది. బరువంతా ముక్కు వైపు ఉక్కు తాళ్ల మీద పడింది. ఒకటి తెగింది. నాకు తెలిసిన చప్పుడే. వంగి నీలవేణి మీద పడుకున్నాను. మా మీదుగా గాలి కోసుకుంటూ పోయింది. తలెత్తి చూస్తే సన్యాసి నిలబడ్డ చోట ఆయన నడుం కింది భాగమే ఉంది. అది కూడా చూస్తుండగానే కూలబడింది. మిగతాది నది తీసుకుపోయింది. గొడ్డలి పట్టుకున్న చెయ్యి మాత్రం గుంజ పక్కన పడి ఉంది. వేళ్లు ఇంకా గొడ్డలిని వదల్లేదు.

మిగతా తాళ్లు కూడా తెంపుకుని ఓడ వెళ్లి ఎదురు ఒడ్డు బురదలో దిగబడింది. అందులో ఎవరికీ ఏమీ కాలేదు.

ఆసుపత్రిలో నీలవేణి కాలు తీసేశారు. గురువులు చెయ్యి కుట్టారు గానీ అందులో జీవం రాలేదు. నడవగలిగిన రోజున ఆయన దాని మంచం దగ్గరికి వచ్చి, గంట మోగిన రోజు గుంపు చేసిన పని చెప్పాడు. అది అంతా విని పక్కనున్న స్టీలు గ్లాసు ఆయన మొహాన విసిరికొట్టింది. కనుబొమ్మ చీలింది. ఆయన తుడుచుకోలేదు.

"సన్యాసి మావని చంపింది నువ్వు."

"అవునమ్మా."

"నాకు చెప్పుంటే ఇంకో దారి చూసేదాన్ని కదా! ఎవరినైనా కొత్తవాణ్ణి పెట్టేదాన్ని."

"సావు పని బతికుండగా సెయ్యమంటే ఎలగమ్మా? నీకు సెప్తే నువ్వు నవ్వుతావనుకున్నాం."

"నవ్వేదాన్నే," అంది నీలవేణి. "నేను అంకెలు చూశాను. మీ చేతులు చూడలేదు."

రాజులమ్మ నన్ను వీధిలో పట్టుకుంది. చీపురు తిరగేసి కొట్టింది. జుట్టు పట్టుకుని కాలవ దాకా ఈడ్చింది. "నీ కూతురు కోసం నా మొగుణ్ణి కోసినావే!" అంది. జనం విడదీయబోతే నేనే వద్దన్నాను. కొట్టి కొట్టి దానికి ఆయాసం వచ్చి కూర్చుండిపోయింది. అప్పుడు లేచి ఇంటికొచ్చాను. ఆ తర్వాత మేమిద్దరం గోడకు అటొకరు ఇటొకరు ఉంటూ ఏడాది పైగా మాట్లాడుకోలేదు. రోజూ దాని ఇంట్లో గిన్నెల చప్పుడు నాకు వినబడేది, నా ఇంట్లోవి దానికి వినబడేవి.

నదిలోంచి మలుగును క్రేనుతో తీసి తొట్టెలో వేశారు. అది చావలేదు. నీలవేణి చంకకర్ర మీద లాబుకు వెళ్లిన మొదటి రోజు దాన్ని చంపడానికే వెళ్లింది. నేను వెంట ఉన్నాను, గురువులు కూడా వచ్చాడు. తొట్టెలో పొయ్యడానికి ఆసిడ్ డబ్బాలు తెప్పించింది. పొయ్యబోయే ముందు, చివరిసారి దానిలో ఏముందో చూస్తానని యంత్రానికి పెద్ద బరువు కట్టించి, కడియం లేకుండానే వదలమన్న గంట కొట్టింది.

మలుగు వదిలింది. ఓడంత బరువును, ఒక్క క్షణంలో. వదిలే ముందు ఒక్కసారి అటూ ఇటూ కొట్టుకుంది. నా మోకాలి కింద గురువులు చెయ్యి కొట్టుకున్నట్టే.

నీలవేణి మళ్లీ గంట కొట్టింది. మళ్లీ అలాగే. ఎన్నిసార్లు కొట్టినా అలాగే. గురువులు తన చచ్చిన చెయ్యి పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"నేర్చేసుకుంది," అంది నీలవేణి. ఆసిడ్ డబ్బా మూత తియ్యడానికి వంగింది.

గురువులు ఎడమ కాలితో డబ్బాను తన్నేశాడు. "పారబోత్తావేటి? అది నేర్సుకుంది నా సెయ్యి. సన్యాసి ఒళ్లు. నీ కాలు. ఇంత పెట్టినాక సంపేత్తే ఎవులికి లాబం?"

"దాన్ని చూసినప్పుడల్లా నాకది గుర్తు రావాలా?"

"రానీ. నాకు రోజూ వత్తాది. నాను బతకట్లేదా?"

ఆ కొట్టుకోవడం ఒక్కటి తీసేద్దామని నీలవేణి నెలల తరబడి చూసింది. కండ మార్చింది, నేర్పిన తీరు మార్చింది. కొట్టుకోవడం పోయిన ప్రతిసారీ వదలడం కూడా పోయింది. రెండూ ఒకటే అయిపోయాయి. చివరికి ఉన్నది ఉన్నట్టే ఉంచింది. ఆ మలుగు నేర్చినదాన్నే కొత్త మలుగులకు ఎక్కించారు. ఇప్పుడు ఈ నది మీదే కాదు, ఎక్కడెక్కడి రేవుల్లోనో ఓడలు వాటితోనే కట్టి ఉంటాయట. తాడు తెగి మనుషులు పోవడం తగ్గిందని చెబుతారు. ఆ రేవుల్లో ఓడ కదిలే ప్రతిసారీ తాడు అలా ఎందుకు ఎగిరిపడుతుందో అక్కడివాళ్లకు తెలియదు.

మా జెట్టీలో అన్ని తాళ్లూ మలుగులే అయ్యాక మొదటి ఓడ బయల్దేరిన రోజు నేను చూడ్డానికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. నీలవేణి కింద గుంజల దగ్గర చంకకర్ర మీద నిలబడి ఉంది. నేను మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి రాజులమ్మ వచ్చి రెండు మెట్ల పైన నిలబడింది. నన్ను చూసే వచ్చిందని తెలుసు. నేను తిరగలేదు.

గంట మోగింది. మలుగులన్నీ ఒక్కసారి కొట్టుకున్నాయి. జెట్టీ అంతా అదిరింది. ఓడ నీళ్ల మీదికి జరిగింది.

"ఆ కొట్టుకోడం నీ కోతేనట," అంది రాజులమ్మ.

"అవును."

"నాను ఆ రోజు అక్కడుంటే నీ సెయ్యట్టుకుని ఆపుదును."

నేను వెనక్కి తిరిగి దాని మొహం చూశాను. "ఆపుంటే నిన్ను కూడా కోసుందును," అన్నాను.

అది నా కళ్లలోకి చూసింది. చూసి చూసి, "ఊఁ," అంది. "అదీ నిజమే."

ఆ రెండు మెట్లూ దిగి నా పక్కన కూర్చుంది. ఓడ మలుపు తిరిగి కనబడకుండా పోయే దాకా మా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

గనగళ్ల తవిటమ్మ
వయసు అరవై రెండు
ప్రస్తుతం ఉండేది కలకత్తా మెటియాబ్రుజ్‌లో, కూతురి దగ్గర